తెరమీది క్వీర్ పాత్రల గురించి మన ఊళ్లో చర్చించుకోవడం ఎలా

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి వంటి పట్టణాల్లోనో నెలకొకసారి పదిమంది కూడి ఒక పుస్తకం గురించో సినిమా గురించో మాట్లాడుకునే బృందాల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. అటువంటి బృందాల్లో డిగ్రీ కళాశాల అధ్యాపకులు, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువతీయువకులు, పదవీ విరమణ చేసిన పంతుళ్లు, కథలు రాసేవారు ఉంటారు. వీరిలో చాలామంది ఇప్పుడు ఓటీటీలో సిరీస్‌లు చూస్తున్నారు. స్వలింగ ప్రేమికుల పాత్రలు, ట్రాన్స్‌జెండర్ పాత్రలు (వీటన్నిటినీ కలిపి ఇక్కడ క్వీర్ పాత్రలు అంటున్నాను) ఆ సిరీస్‌లలో తరచుగానే ఎదురవుతున్నాయి. అయినా చర్చ ఆ పాత్ర దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు నవ్వేస్తారు, ఇంకొకరు జాలిపడతారు, మిగిలినవారు ఛాయాగ్రహణం సంగతి ఎత్తుకుంటారు. ఆ పాత్రను కూడా మిగతా పాత్రలను పరిశీలించినంత శ్రద్ధగా పరిశీలించడం ఎట్లాగో చెప్పడమే ఇక్కడి పని.

ముందుగా ఒక కొలత పెట్టుకోవాలి. సిరీస్‌లో క్వీర్ పాత్ర ఉందా లేదా అన్నది తేలికైన ప్రశ్న. ఆ పాత్రకు దాచుకున్న సంగతి ఒక్కటే కాక కథ ఇంకేమి ఇచ్చింది అన్నదే పనికొచ్చే ప్రశ్న. ఆ మనిషికి ఒక ఉద్యోగం, అప్పు, కోపం, వంటలో ఒక ఇష్టం, తోబుట్టువుతో ఒక తగాదా ఉన్నాయా? లేక ప్రేక్షకుడిని ఉలిక్కిపడేట్టు చేయడానికే పుట్టి, ఆ పని అయిపోగానే కనుమరుగైందా? అమెరికాకు చెందిన గ్లాడ్ అనే సంస్థ 2013లో సినిమాల కోసం ఒక పరీక్షను ప్రవేశపెట్టి, దానికి చలనచిత్ర చరిత్రకారుడు వీటో రూసో పేరు పెట్టింది. ఆ పరీక్షలో మూడే షరతులు ఉన్నాయి. క్వీర్ అని స్పష్టంగా తెలిసే పాత్ర ఒకటి ఉండాలి, ఆ గుర్తింపు ఒక్కటే ఆ పాత్ర సర్వస్వం కాకూడదు, ఆ పాత్రను తీసేస్తే కథకు గట్టి లోటు కలగాలి. సిరీస్‌లకు కూడా ఈ పరీక్ష బాగానే పనిచేస్తుంది. అయితే అది ప్రాథమికమైన జల్లెడ మాత్రమే. అందులోంచి దిగిన సిరీస్ మంచిదని అర్థం కాదు.

ఏది ముందు చూడాలి

మొదటి సమావేశానికి పొడవైన సిరీస్ పెట్టుకోకూడదు. ప్రైమ్ వీడియోలో 2022 మే నెలలో వచ్చిన ‘మోడరన్ లవ్ ముంబయి’లో హన్సల్ మెహతా దర్శకత్వం వహించిన ‘బాయీ’ అనే ఒక్క భాగం చాలు. ప్రతీక్ గాంధీ అందులో మంజు అనే ముస్లిం యువకుడి పాత్ర వేశారు. ఇంటివారి దగ్గర, ముఖ్యంగా తాను ఎంతగానో ప్రేమించే నాయనమ్మ దగ్గర, తన ప్రేమ సంగతి చెప్పలేక అతను పడే అవస్థే కథ. నాయనమ్మగా తనూజ నటించారు. కుటుంబం, మతం, వంట, ముసలితనం అన్నీ ఇందులో ఉన్నాయి కనుక ఏ వయసువారికైనా మాట్లాడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది. అదే సంవత్సరం జులైలో అదే వరుసలో ‘మోడరన్ లవ్ హైదరాబాద్’ వచ్చింది. అందులోని ఆరు కథల్లో ఏదీ క్వీర్ ప్రేమను కేంద్రంగా తీసుకోలేదు. ఒకే సంస్థ, ఒకే ఏడాది, ఒకే నమూనా. ముంబయికి దొరికిన కథ హైదరాబాదుకు ఎందుకు దొరకలేదన్న ప్రశ్నతో చర్చను ముగిస్తే రెండో సమావేశానికి దారి దానంతట అదే పడుతుంది.

రెండో విడతకు ‘మేడ్ ఇన్ హెవెన్’ తీసుకోవచ్చు. జోయా అఖ్తర్, రీమా కాగ్తీ రూపొందించిన ఈ సిరీస్ మొదటి సీజన్ 2019 మార్చిలో, రెండోది 2023 ఆగస్టులో వచ్చాయి. తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళ, అర్జున్ మాథుర్ ఢిల్లీలో పెళ్లిళ్లు జరిపించే కంపెనీ యజమానులుగా నటించారు. అర్జున్ మాథుర్ పోషించిన కరణ్ స్వలింగ ప్రేమికుడు, ఇతరుల పెళ్లిళ్లన్నీ దగ్గరుండి జరిపిస్తాడు. ఈ పాత్రకు గాను ఆయన 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారానికి నామినేట్ అయ్యారు. బృందంలో కళాశాల విద్యార్థులు ఎక్కువగా ఉంటే 2022 నుంచి 2024 వరకు మూడు సీజన్లుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘హార్ట్‌స్టాపర్’, ఇద్దరు బడి అబ్బాయిల ప్రేమకథ, మృదువుగా ఉంటుంది. ‘సేక్రెడ్ గేమ్స్’, ‘పాతాళ్ లోక్’ మాత్రం మొదట పెట్టకూడదు. అవి తక్కువ రకమైనవని కాదు. వాటిలోని హింస, బూతులు చర్చను మింగేస్తాయి.

ప్రతి సిరీస్‌కూ వయసు వర్గం ఉంటుందన్నది మరచిపోవద్దు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన సమాచార సాంకేతిక నియమాల ప్రకారం ఓటీటీ సంస్థలు యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అన్న ఐదు వర్గాల్లో ఒకదానిని చూపించాలి. ఇంటర్ చదివే పిల్లలు బృందానికి వస్తున్నట్లయితే, ఎంపికకు ముందే నిర్వాహకుడు ఆ గుర్తు చూసుకోవాలి.

ఎవరింట్లో వారు చూడటం, కలిసి మాట్లాడటం

గ్రంథాలయం హాలులో తెర కట్టి అందరికీ ఒకేసారి చూపిద్దామన్న ఆలోచన రావడం సహజమే. కానీ ఓటీటీ చందాలు సాధారణంగా ఇంటివాడకానికి ఇచ్చేవి, బహిరంగ ప్రదర్శనకు కావు. కాబట్టి ఎవరింట్లో వారు చూసి, చర్చకు మాత్రమే కూడటం అన్నివిధాలా మేలు. దీనివల్ల మరో లాభం ఉంది. ఇటువంటి కథను పదిమంది పక్కన కూర్చుని చూసేటప్పుడు ఎవరు నవ్వుతున్నారు, ఎవరు తల వంచుకున్నారు అని గమనించడంతోనే సగం మనసు పోతుంది. ఒంటరిగా చూసినవాడు తనకు నిజంగా కలిగిన భావంతో సమావేశానికి వస్తాడు.

ఇంట్లో చూడటంలోనూ ఒక చిక్కు ఉంది. దీన్ని నిర్వాహకులు చాలామంది పట్టించుకోరు. మన ఇళ్లలో ఒకే చందాను నలుగురైదుగురు వాడుకుంటారు. కొడుకో కూతురో ఏమి చూశారన్నది తండ్రి టీవీ తెరిచిన వెంటనే ‘చూడటం కొనసాగించండి’ అన్న వరుసలో కనబడుతుంది. ఇంట్లో ఏమీ చెప్పుకోని యువకుడికి ఆ ఒక్క బొమ్మ చాలు ప్రమాదం తేవడానికి. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్‌కు పిన్ పెట్టుకోవచ్చు, చూసిన వాటి జాబితా నుంచి ఒక పేరును దాచవచ్చు. ప్రైమ్ వీడియోలో కూడా చూసిన చరిత్రలోంచి ఒక్కొక్కటి తొలగించే వీలుంది. ఈ సంగతిని ఎవరో ఒకరిని ఉద్దేశించి కాక, అందరికీ మామూలు సూచనగా మొదటి సమావేశంలోనే చెప్పాలి.

వీలైనంతవరకు మూల భాషలోనే, ఉపశీర్షికలు పెట్టుకుని చూడటం మంచిది. తెలుగు అనువాద ధ్వని ఉంటే, ఒక ముఖ్య సన్నివేశాన్ని రెండు విధాలుగా విని పోల్చండి. మూలంలో గంభీరంగా పలికిన మాట అనువాదంలో గొంతు సాగదీసి వెకిలిగా మారిందా అన్నది చెవికి వెంటనే తెలిసిపోతుంది.

కథాకాలం, చట్టం

ఈ కథల్లో భయం దేని నుంచి వస్తున్నదో తెలియాలంటే చట్టం ఏ సంవత్సరంలో ఎట్లా ఉన్నదో తెలియాలి. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన, 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009లో పరిమితం చేసింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెద్దల మధ్య అంగీకారంతో ఏకాంతంలో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. ‘మేడ్ ఇన్ హెవెన్’ మొదటి సీజన్‌లో కరణ్ అరెస్టయ్యేది ఈ సెక్షన్ కిందనే. సిరీస్ తీర్పు తరువాత విడుదలైనా కథ అంతకు ముందుది. స్వలింగ వివాహానికి చట్టబద్ధత కల్పించడానికి సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించింది. అందువల్ల పెళ్లిళ్లు జరిపించే కరణ్‌కు తన పెళ్లి ఇప్పటికీ చట్టం ముందు జరిగేది కాదు. ఈ తేదీలు బోర్డుమీద రాసి పెట్టుకుంటే ఆ పాత్రలోని వ్యంగ్యం వివరించనక్కరలేకుండానే అర్థమవుతుంది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో వారి గుర్తింపును అంగీకరిస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మొదటి మైలురాయి. 2023 ఆగస్టు 15న జియోసినిమాలో వచ్చిన ‘తాలీ’ ఆ కేసులో పిటిషనర్లలో ఒకరైన ముంబయి ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి గౌరీ సావంత్ జీవితం ఆధారంగా తీసినదే. అయితే మన ప్రాంతం వారికి ఇంతకంటే దగ్గరి చరిత్ర ఒకటి ఉంది. నిజాం ఏలుబడిలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల పేర్లు, చిరునామాలు నమోదు చేయించే చట్టం ఒకటి వచ్చింది. పేరు నమోదైన వ్యక్తి ఆడవేషంలోనో నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఆ చట్టం ఇచ్చింది. పాలమూరు, నల్లగొండ అప్పుడు ఆ రాజ్యంలోని జిల్లాలు. ఆ చట్టం రాజ్యం పోయాక కూడా కాగితం మీద బతికే ఉన్నది. ట్రాన్స్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ‘తాలీ’ విడుదలకు నెల రోజుల ముందు జరిగిన సంగతి ఇది. ముంబయి ఉద్యమకారిణి కథ తెరకెక్కింది, మన హైకోర్టులో నడిచిన కథ గురించి ఇక్కడి డిగ్రీ విద్యార్థులకే తెలియదు. చర్చలో దీనికి పది నిమిషాలైనా కేటాయించాలి.

పాత్రను చదివే పద్ధతి

పాత్ర గురించిన నిజం ప్రేక్షకుడికి ఎప్పుడు, ఎట్లా తెలిసిందో మొదట గుర్తించండి. 2018లో వచ్చిన ‘సేక్రెడ్ గేమ్స్’లో కుబ్రా సైత్ నటించిన కుకూ ట్రాన్స్ మహిళ, అంటే పుట్టుకలో మగబిడ్డగా లెక్కించినా స్త్రీగా బతికే మనిషి. ఆ నిజం బయటపడటం ఒక తెర తొలగినట్టు, ప్రేక్షకుడు అదిరిపడేటట్టు చిత్రించారు. ఆమె కథ చావుతో ముగుస్తుంది. కుబ్రా సైత్ నటన గొప్పది, ఆ పాత్రను ప్రేక్షకులు ప్రేమించారు కూడా. కానీ ఒక మనిషి శరీరాన్ని రహస్యపు పెట్టెలా తెరిచి చూపించడం మీద ఆధారపడిన సన్నివేశాన్ని మెచ్చుకునేముందు, అదే పని మామూలు కథానాయిక విషయంలో చేస్తారా అని అడగాలి. దీని పక్కన ‘మేడ్ ఇన్ హెవెన్’ రెండో సీజన్‌లోని మెహర్‌ను పెట్టండి. మెహర్ ముందు ఆ కంపెనీలో బాధ్యతగల ఉద్యోగినిగా పరిచయమవుతుంది. పని ఒత్తిడి, సహోద్యోగులతో పేచీలు, ఒక తోడు కోసం వెతుకులాట అన్నీ ఆమెకు ఉన్నాయి. ఆమె ట్రాన్స్ మహిళ కావడం ఆ జీవితంలో ఒక భాగంగా కనబడుతుంది. ఈ పాత్రను స్వయంగా ట్రాన్స్ మహిళ, వైద్యురాలు అయిన త్రినేత్ర హల్దార్ గుమ్మరాజు పోషించారు.

దీనితో నటీనటుల ఎంపిక సంగతి వస్తుంది. ‘తాలీ’లో గౌరీ సావంత్‌గా సుస్మితా సేన్ నటించినప్పుడు, ట్రాన్స్ కళాకారిణికి ఆ అవకాశం ఎందుకు ఇవ్వలేదని విమర్శ వచ్చింది. పేరున్న తార లేకపోతే ఆ సిరీస్‌కు పెట్టుబడే వచ్చేది కాదన్నది ఎదుటి వాదన. నా మట్టుకు నాకు రెండో వాదనలో బలం తగ్గుతూ వస్తున్నట్టు అనిపిస్తుంది. 2020లో ‘పాతాళ్ లోక్’లో చీనీ పాత్రను మణిపూర్‌కు చెందిన ట్రాన్స్‌జెండర్ కళాకారులు మైరెంబమ్ రొనాల్డో సింగ్ పోషించారు. ఆ సిరీస్ విజయానికి అది అడ్డు కాలేదు. అమెరికాలో 2018 నుంచి 2021 వరకు నడిచిన ‘పోజ్’లో ప్రధాన పాత్రలు చాలావరకు ట్రాన్స్ నటులవే. అందులో బ్లాంకాగా నటించిన ఎం.జె. రోడ్రిగెజ్, ఎమ్మీ పురస్కారాల్లో ప్రధాన పాత్ర విభాగానికి నామినేట్ అయిన మొదటి ట్రాన్స్ మహిళ. ఇల్లు గెంటేసిన పిల్లలను చేరదీసి ఒక ‘తల్లి’ నడిపే కుటుంబాల కథ అది. మన హిజ్రా కుటుంబాల్లోని గురు-చేలా (గురువు, శిష్యురాలు) బంధం కొంచెమైనా తెలిసినవారికి ఆ న్యూయార్క్ కథ పరాయిగా తోచదు.

ఆడవేషం గురించి ఇక్కడ కొంత తేటగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే చర్చలో ఎవరో ఒకరు ఈ మాట తప్పక తెస్తారు. యక్షగానం, వీధి భాగవతం చూసి పెరిగిన పెద్దలు మన బృందాల్లో ఉంటారు. మగవాడు సత్యభామ వేషం కట్టి రాత్రంతా ఊరిని కూర్చోబెట్టడం వారికి తెలుసు. అది ఒక విద్య, అందులో స్త్రీ పాత్రకు మర్యాద ఉంది. టీవీ హాస్య స్కిట్లలో మగ నటుడు చీర కట్టుకుని కొట్టించుకుంటే వచ్చే నవ్వు వేరు. అక్కడ నవ్వు పుట్టేది ఆ చీర నుంచే. ట్రాన్స్ మహిళ ఈ రెండింటిలో దేనికీ చెందదు, ఆమె వేషం కట్టలేదు. చాలామంది తెలుగు ప్రేక్షకులకు ఈ మూడూ ఒకే అరలో పడి ఉన్నాయి. వాటిని విడదీసి మాట్లాడుకుంటే మిగిలిన చర్చకు దారి సుగమమవుతుంది.

తరువాత చావు. 2016 మార్చిలో ‘ది 100’ అనే అమెరికన్ సిరీస్‌లో లెక్సా అనే పాత్రను, ఆమె ప్రేమ ఫలించిన వెంటనే చంపివేయడంతో ప్రేక్షకుల్లో పెద్ద నిరసన చెలరేగింది. క్వీర్ పాత్రలను చంపి కథ ముగించే పాత అలవాటు మీద అక్కడ అప్పటి నుంచి చర్చ బలపడింది. అట్లాగని ప్రతి చావునూ ఒకే గాటన కట్టరాదు. 2020 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన తమిళ సంకలనం ‘పావ కదైగళ్’లో సుధా కొంగర తీసిన ‘తంగం’ చూడండి. కాళిదాస్ జయరామ్ పోషించిన సత్తార్ పల్లెటూరి ట్రాన్స్ మహిళ. ఆమె కూడా చనిపోతుంది, కాని ఆ చావుకు బాధ్యులెవరో కథ వేలెత్తి చూపుతుంది. తలుపు వేసిన తల్లిదండ్రులనూ, చూస్తూ ఊరుకున్న ఊరినీ వదలిపెట్టదు. 2018లో మిర్యాలగూడలో జరిగిన పరువు హత్యను చూసిన జిల్లాలో ఈ కథను కేవలం ట్రాన్స్ మహిళ విషాదంగా చూడటం కుదరదు. పరువు అన్న మాట కులాంతర ప్రేమమీదా, క్వీర్ ప్రేమమీదా ఒకే చేత్తో దెబ్బ వేస్తుందన్న సంగతి నల్లగొండ ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అడగవలసింది ఇది: ఆ మరణం వల్ల బాధ్యులు నిలదీయబడ్డారా, లేక మిగిలిన కథానాయకుడికి కన్నీరు పెట్టుకునే అవకాశం దొరికిందా?

సంతోషంగా ముగిసే కథలను కూడా ఇంతే గట్టిగా పరీక్షించాలి. కెనడాలో 2015 నుంచి 2020 వరకు నడిచిన ‘షిట్స్ క్రీక్’లో డేవిడ్, పాట్రిక్‌ల ప్రేమను ఆ చిన్న ఊళ్లో ఎవరూ ఎగతాళి చేయరు. దాని సృష్టికర్తల్లో ఒకరైన డాన్ లెవీ ఆ ఊళ్లో ద్వేషానికి చోటు ఇవ్వకూడదని బుద్ధిపూర్వకంగానే నిర్ణయించుకున్నారు. కొందరికి ఇది పలాయనంగా తోచవచ్చు. చిన్న ఊరు అనగానే మూఢత్వమే చూపించే అలవాటుకు ఇది మంచి విరుగుడని నేను అనుకుంటాను. చిన్న పట్టణాలవాళ్లం కనుక ఈ విషయంలో మనకు కొంత పక్షపాతం ఉన్నా తప్పులేదు.

సమావేశం నడపడం

గదిలో ఉన్నవారిలో ఎవరు క్వీర్ అని ఊహించరాదు, అడగరాదు, ఎవరైనా తమంతట తాము చెప్పుకుంటే ఆ మాట గది దాటరాదు. ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటును ఈ ఒక్క సమావేశానికైనా ఆపాలి. ట్రాన్స్ మహిళ పాత్ర గురించి మాట్లాడేటప్పుడు ‘ఆమె’ అనాలి. ‘అది’ అని ఎవరైనా అంటే నిర్వాహకుడు అక్కడికక్కడే, కోపం లేకుండా, సరిదిద్దాలి. ట్రాన్స్ సముదాయం నుంచి ఒకరిని అతిథిగా పిలిస్తే మిగతా వక్తలకు ఇచ్చినట్టే దారి ఖర్చులు, గౌరవ పారితోషికం ఇచ్చి, సిరీస్ గురించే అడగండి. శస్త్రచికిత్స గురించో సంపాదన గురించో అడిగే ప్రశ్నలను నిర్వాహకుడే అడ్డుకోవాలి. ఆమె విమర్శకురాలిగా వచ్చింది, ఆమె జీవితం ఆనాటి పాఠ్యాంశం కాదు.

మతం పేరుతోనో సంస్కృతి పేరుతోనో అభ్యంతరం చెప్పే పెద్దలు తప్పక ఉంటారు. వారితో సిద్ధాంత చర్చకు దిగితే సాయంత్రమంతా అందులోనే పోతుంది. ‘బాయీలో నాయనమ్మ స్థానంలో మీరుంటే ఆ మనవడితో ఏమనేవారు సార్?’ అని అడిగి చూడండి. సిద్ధాంతానికి ఎంత గట్టిగా జవాబు చెప్పేవారైనా మనవడి దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగి మాట్లాడతారు. ఎవరికైనా ఈ చర్చ మనసును కలవరపెడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చని ముందే చెప్పి ఉంచడం మంచిది.

మూడు నాలుగు సమావేశాలు గడిచాక బృందంలోని రాసేవారికి ఒక పని ఇవ్వండి. ‘మేడ్ ఇన్ హెవెన్’ మొదటి సీజన్‌లో కరణ్ ఇంటి యజమాని, వినయ్ పాఠక్ నటించిన పాత్ర, అద్దెకున్నవాడి గదిలో రహస్యంగా కెమెరా పెడతాడు. అతనూ తన కోరికను జీవితమంతా దాచుకున్నవాడే. ఆ సన్నివేశాన్ని మహబూబ్‌నగర్‌లో ఒక పై పోర్షన్‌కు మార్చి, రెండు పేజీల్లో తెలుగులో రాయమనండి. అద్దె మాట్లాడేటప్పుడు యజమాని ముందు ఏమి అడుగుతాడు, కులం సంగతి ఎంత సుతారంగా బయటికి లాగుతాడు, పెళ్లి ఎప్పుడన్న ప్రశ్న ఎన్నో మాటకు వస్తుంది, కింద ఇంట్లో ఉన్న ఆయన భార్యకు ఎంతవరకు తెలుసు, ఇవన్నీ రాసేవారు నిర్ణయించుకోవాలి. ఢిల్లీ సంభాషణలను పాలమూరు యాసలోకి దించితే సరిపోదు, ఆ ఇద్దరి భయాలు కూడా మారాలి. రాసిన వాటిని పేర్లు తీసేసి, కలిపేసి, ఒకరిది మరొకరి చేత చదివించండి.